గోడ మీద గళ్లు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఈ కథ రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నేను వినని మాటలు విన్నవాళ్లని అడిగి రాశాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి.

*

"పుస్తకాలు మూసేయండి. ఇవాళ గోడ చదువుదాం," అంది పంతులమ్మ. "సోమవారం దీనికి సున్నం వేసేస్తారట. పెద్దమ్మా, మీరే మొదలుపెట్టండి."

ఆసుపత్రి హాల్లో సాయంత్రం పూట పెద్దవాళ్ల బడి. బెంచీలకి ఎదురుగా గోడ నిండా పాత బొమ్మ ఉంది. ఒంటి నిండా బుడిపెలున్న బంతిలాంటి వైరస్, పక్కన కాపలా కణం, ఆ పక్కన కొమ్మలు ఎండిన చెట్టులాంటి నరాల కణం. వాటి కింద నాలుగు వరుసల రాత.

"నాకింకా అంత రాదు తల్లీ," అంది పెద్దమ్మ.

"బస్సు బోర్డులు గడగడా చదివేస్తూ! నా దగ్గరా నాటకాలు?"

వెనక బెంచీలో కూరగాయలావిడ కిసుక్కుమంది.

"ఆ బొమ్మ వేసింది మా ఆయన," అంది పెద్దమ్మ.

కూరగాయలావిడ తలెత్తి బొమ్మకేసి చూసింది.

పంతొమ్మిదేళ్ల కిందట ఆ హాల్లో బెంచీలు లేవు. నిచ్చెన, రంగు డబ్బాలు, కిరసనాయిలు వాసన. ముప్పై ఏళ్లుగా బోర్డులు రాసిన పెయింటరు ఆయన. రోగం రక్తంలో ఉందని, మందులు ఆలస్యంగా మొదలయ్యాయని ఆమెకు తెలుసు. ఆమెకూ పరీక్ష చేసి, లేదన్నారు. రోగం తెచ్చుకున్నందుకు ఆమె ఎన్నడూ తిట్టలేదు. తిట్టిందల్లా మతిమరుపుకే. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేవాడు. తాళం వేశాడో లేదో చూడడానికి సగం దారి నుంచి వెనక్కి వచ్చేవాడు.

"ఇంటి మీద ధ్యాస ఉంటేగా! మనసెక్కడ పారేసుకున్నావయ్యా?"

ఆయన తలొంచుకునేవాడు.

అంతకు ముందు నెలలోనే మందుల షాపు ఓనరు వంకర్లు పోయిన అక్షరాలు చూసి "ఇదేం బోర్డయ్యా?" అని చెరిపించి, ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఆసుపత్రి పని దొరికినప్పుడు పెయింటరు భార్యతో అన్నాడు: "ఇది కూడా చెడితే నా కుంచెకి ఇంకెవడూ గోడ ఇవ్వడే."

డాక్టరు కాగితం పరిచి బొమ్మ వివరించాడు. ఆమె అప్పుడు డబ్బాలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.

"వైరస్ ఈ నరాల కణంలోకి దూరదు పెయింటర్‌గారూ. దాని తొడుగు మీద బుడిపెలు ఊడి కొట్టుకొచ్చినా చాలు. మెదడులో కాపలా కణాలు కంగారుపడి విషం కక్కుతాయి. ఆ విషానికి నరాల కొమ్మలు ఎండిపోతాయి."

"అంటే దొంగ గడప దాటకుండానే, వాడి చెప్పుల చప్పుడికే కాపలావాళ్లు ఇల్లు తగలబెట్టుకున్నారన్నమాట."

డాక్టరు నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకున్నాడు. "మీ మతిమరుపూ అందుకే. ఇంట్లో చెప్పండి, తిట్టకుండా ఉంటారు."

"తప్పకుండా చెప్తానండీ," అన్నాడు పెయింటరు.

ఆమె కుళాయి దగ్గరనుంచి వచ్చేలోపే మరిచిపోయాడు.

మర్నాడు గోడ మీద సుద్ద దారం లాగి కొట్టి గళ్లు వేశారు. కాగితం మీదా అన్నే గళ్లు.

"ఇది ఏనుగా, దోమా అని అడక్కూడదే. కాగితం గడిలో ఏముందో గోడ గడిలో అదే దించడం."

"ఓస్, ఇంతేనా! అయితే నేనూ వేస్తా."

"వేసెయ్. నేను పడుకుంటా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఏడాది మొత్తంలో అంత హాయిగా నవ్వుకున్నది అప్పుడే.

బొమ్మకి నాలుగు రోజులు పట్టింది. రాత మొదలయ్యే రోజు పెయింటరు వాచ్‌మన్‌తో తలుపులు మూయించాడు. "వెనక జనం నిలబడితే చెయ్యి ఆడదు" అన్నాడు. మూడు రోజులు లోపల వాళ్లిద్దరే. ఆమె నోరు మాత్రం బయటికి వినపడుతూనే ఉంది.

"ఇందాకేగా మూత నీ చేతికిచ్చాను! అప్పుడే ఎక్కడ పెట్టావయ్యా?"

నాలుగో రోజు తలుపులు తెరిచారు. డాక్టరు గోడంతా పరీక్షగా చూశాడు. "చెయ్యంటే మీదే పెయింటర్‌గారూ! ఒక్క అక్షరం తొణకలేదు."

"మా ఆవిడ పక్కనుంటే అంతేనండీ," అన్నాడు పెయింటరు.

ఆ రాత్రి ఆమె మెడనొప్పితో పడుకుంటే ఆయనే కాపడం పెట్టాడు. పదకొండు నెలలకి పోయాడు. ఆ గోడ తరవాత ఇంకో గోడ ముట్టుకోలేదు.

"చదవండి పెద్దమ్మా," అంది పంతులమ్మ మెల్లగా.

పెద్దమ్మ గోడ దగ్గరికి నడిచింది. బుడిపెలు, కాపలా కణాలు, నరాలు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మూడు వరుసలు దాటింది. నాలుగో వరుస మీద వేలు పెట్టింది.

"మరిచిపోవడం... అతని తప్పు... కాదు. కోప్పడకండి. గుర్తు... చేయండి."

మళ్లీ చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

"ఏమైంది పెద్దమ్మా?"

"రోజూ కోప్పడ్డాను తల్లీ. ఇది రాసిన మూడు రోజులూ కోప్పడ్డాను."

పంతులమ్మ ఆమె భుజం పట్టుకుంది. గోడకేసి చూసింది.

"అక్షరాలు ముద్దుగా ఉన్నాయి. కానీ చూడండి, రాత కింద కూడా గళ్లున్నాయి. బొమ్మకైతే సరే. ముప్పై ఏళ్లు బోర్డులు రాసిన మనిషికి అక్షరాలకి గళ్లెందుకు?"

పెద్దమ్మ చూపుడు వేలు నల్లరంగు మీద కిందినుంచి పైకి, ఏదో బొమ్మ చుట్టూ తిరిగినట్టు తిరిగింది.

"అక్షరం ముక్క రానివాళ్లకే తల్లీ, ఆ గళ్లు."

ఆ నాలుగు వరుసలూ రాసింది ఆమే.