మోగని కారు

పళ్ల డాక్టరు కారు మళ్లీ మోగింది.

మేడమీద క్లినిక్‌లో పేషెంటును నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే వదిలేసి, డాక్టరు మెట్లు దిగి పరిగెత్తాడు. రిమోట్ మేడమీదినుంచి పనిచేయదు మరి.

గేటు బయట నిలిపిన కారు కొంపలు మునిగినట్టు గోల పెడుతోంది.

దాని పక్కన ఇద్దరున్నారు. చెప్పులైనా లేకుండా, చేతిసంచీ పట్టుకుని నిలబడింది డాక్టరు తల్లి. రెండో మనిషి ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన ముసలాయన. ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు, చేతిలో చేతికర్ర.

"ఎక్కడికమ్మా?" అన్నాడు డాక్టరు, అలారం ఆపుతూ.

"బడికిరా. బెల్లు కొట్టేశారు, వినపడలేదూ?"

టీచరుగా రిటైరై చాలా కాలమైందన్న సంగతి ఆవిడకు గుర్తులేదు. కొడుకు పేరు కూడా కొన్ని రోజులే గుర్తుంటుంది.

తల్లిని లోపల కూర్చోబెట్టి వచ్చి డాక్టరు ముసలాయన మీద పడ్డాడు.

"మళ్లీ మీరేనా? నా కారుతో ఏంటి మీకు పని?"

ముసలాయన కర్ర ఎత్తాడు. ఇంటివైపు చూపించాడు, వీధి చివరికి చూపించాడు, గాల్లో గట్టిగా ఆడించాడు.

"కర్ర చూపిస్తారేంటి, కొడతారా? నోరు లేదా మీకు?"

ముసలాయన చెయ్యి మఫ్లరు మీదికి వెళ్లింది. డాక్టరు అప్పటికే వెనక్కి తిరిగాడు.

వీధిలో అందరికీ ఆయనంటే చిరాకే. ఎవరు పలకరించినా పలకడు. ఒట్టి పొగరుబోతని తీర్మానించేసి, పలకరించడం మానేశారు.

సాయంత్రం డాక్టరు ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరితే కారు కదల్లేదు. బ్యాటరీ డౌన్. బుగ్గ మొద్దుబారిన పేషెంటే పాపం కిందికి వచ్చి తోశాడు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు.

"బ్యాటరీ పాతది డాక్టరుగారూ. ఆగినచోటే ఉండి రోజూ అంతసేపు అరిస్తే డౌన్ అవక ఏం చేస్తుంది? కొత్తది వేసినా ఇదే కథ."

"అలారం పాడైందా?"

"లక్షణంగా ఉంది. ఎవరో పనిగట్టుకుని కొడితేనే మోగుతోంది."

"ఎవరో తెలుసులే."

డాక్టరు భార్య వాకిట్లోంచి అందుకుంది. "ఏమండీ, బ్యాటరీ సంగతి అలా ఉంచండి. ఆ మోతకే అత్తయ్య బడి గంటనుకుని బయటికి వెళ్లిపోతున్నారు. మోగినప్పుడల్లా చూడండి, గేటు బయటే ఉంటారు."

డాక్టరు ఆలోచించాడు. నిజమే. పేషెంట్లు వచ్చే ఇల్లు, గేటుకు తాళం వేయడం కుదరదు. ఇలాగే ఓ రోజు మెయిన్ రోడ్డు దాకా వెళ్లిపోతే? ఆయన మెకానిక్ వైపు తిరిగాడు.

"తీసెయ్ బాబూ, ఆ వైరేదో. పీడా విరగడవుతుంది."

మెకానిక్ కటింగ్ ప్లేయరుతో వైరు కోసేశాడు.

ఎదురింటి అరుగు మీదినుంచి ముసలాయన లేచి, కర్ర ఊపుతూ గబగబా వచ్చాడు.

"చూశావా, ఆటబొమ్మ పోయిందని కోపం," అన్నాడు డాక్టరు. మెకానిక్ నవ్వాడు.

ఆ రోజునుంచి కారు తాళం తిప్పగానే స్టార్టయింది. తల్లి జలుబు చేసి కొన్నాళ్లు మంచం దిగలేదు. ఆవిడ గేటు దాటకపోవడమూ వైరు కోసిన పుణ్యమేనని భార్యాభర్తలు సంతోషించారు.

జలుబు తగ్గింది.

ఆ మధ్యాహ్నం డాక్టరు ఎవరికో పన్ను పీకుతుండగా కింద పోలీసు జీపు ఆగింది. కానిస్టేబులు తల్లిని చెయ్యి పట్టుకుని దించాడు. చీరకు మట్టి, మోచేతికి చిన్న గీత.

"మెయిన్ రోడ్డులో బస్సుకు ఎదురెళ్లిపోయారండీ. ఎవరో ముసలాయన వెనకాలే వచ్చి పక్కకు తోసేశాడు. ఈవిడ బతికారు."

"ఆయన?"

కానిస్టేబులు తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క కేక వేస్తే రోడ్డు మీద ఎవరో ఒకరు ఆపేవాళ్లు కదా, ఎందుకు వేయలేదా అనుకున్నా. మఫ్లరు తీశాక తెలిసింది. గొంతుకు ఆపరేషనై చిల్లు ఉందండీ. మాట రాదు. మీకు తెలిసినాయనా?"



తల్లి కొడుకు చొక్కా పట్టుకు లాగింది. "ఒరే, బెల్లు కొట్టే ఆయన్ని ఏమీ అనకండిరా. ఇవాళ కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి పాపం. ఒక్కసారీ మోగలేదు."

డాక్టరు గేటు బయటికి నడిచాడు.

కారు బానెట్ నిండా సొట్టలు. పొద్దున తుడిచినప్పుడు ఒక్కటీ లేదు. అద్దం మీద కర్ర గీతలు, తలుపు మీద అరచేతి ముద్రలు.

మోగినందుకు అమ్మ ఏనాడూ బయటికి రాలేదు. అమ్మ గేటు దాటిన ప్రతిసారీ, మేడమీద ఉన్న తనను కిందికి పిలిచింది ఆయనే.