నాలుగో వాకౌట్

"అధ్యక్షా, ఈ బిల్లు మాకు నచ్చలే. వాకౌట్ చేస్తున్నం."

ప్రతిపక్ష నాయకుడు దయాకర్ లేచాడు. వాడి వెనకాల పదకొండు మంది బిలబిలా లేచారు. బెంచీలు కీచుమన్నాయి, సగం అసెంబ్లీ ఖాళీ అయిపోయింది.

ముఖ్యమంత్రి అఫీఫా చేతిలో బిల్లు కాగితం అట్లాగే ఉండిపోయింది. ఇది మూడో రిహార్సల్, మూడో వాకౌట్. ప్రతిపక్షం లేకుండా ఓటింగ్ పెట్టకూడదని సోషల్ సార్ హెన్రీ రూలు. లాలాగూడ బడిలో పదో తరగతి పిల్లల మాక్ అసెంబ్లీ ఓటింగ్ దాకా ఒక్కసారీ రాలేదు.

బిల్లు చూస్తే రెండే వాక్యాలు. మేడ మీద ఆడపిల్లల బాత్రూం తాళం తీయాలి. మళ్లీ వేయకూడదు.

టైల్స్ వేసిన కొత్త బాత్రూం అది. పిల్లలు పాడు చేస్తారని కట్టిన వారానికే తాళం పడింది. ఆఫీసర్లు వస్తేనే తీస్తారు. కింద ఉన్న పాతదానికి తలుపు లేదు. అందుకని ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగరు. అఫీఫా పక్కన కూర్చునే అనుపమ మొన్న ప్రార్థనలోనే కళ్లు తిరిగి పడింది.

హెచ్ఎం ప్రేమమణి మేడంని ఎప్పుడడిగినా ఒకటే మాట, కమిటీ వేద్దాం. ఆ బళ్లో కమిటీకి పోయింది ఏదీ తిరిగి రాలేదు. పగిలిన కిటికీ అద్దం మీద వేసిన కమిటీకి రెండేళ్లు నిండాయి. ఈలోగా ఆ కిటికీలో పావురాలు గూడు కట్టి, పిల్లల్ని పెంచి, ఎగరేసి పంపాయి కూడా. శనివారం జిల్లా నుంచి వచ్చే ఆఫీసర్ మేడం ఎదుట బిల్లు పాసైతే ఇక ఎవరూ కాదనలేరని అఫీఫా ఆశ.

వరండాలో దయాకర్‌కు అడ్డం నిలబడింది.

"ఏందిరా నీ తక్లీఫ్? మీ చెల్లె కల్పలత సుత ఈ బళ్లెనే చదువుతది గద. ఆ పిల్లకు అక్కర్లేదా?"

"ప్రతిపక్షమన్నంక వద్దనాలె, సీఎం మేడం. గంతే." వాడు పల్లీలు నోట్లో వేసుకుని నవ్వాడు.

ఆ నవ్వుకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. హెన్రీ సార్‌తో మొరపెట్టుకుంటే ఆయన ఏనాడో అలవాటు పడిపోయాడు. రిహార్సల్ మొదలు కాగానే వాకౌట్ ఎన్నింటికని కనుక్కుని, ఆ టైముకి టీ తెప్పించుకుంటున్నాడు.

శనివారం మేడ మీంచి ఫినాయిల్ వాసన కిందిదాకా దిగింది. అటెండర్ పర్వతాలు తాళం తీసి, దాన్ని గొళ్లేనికే తగిలించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అఫీఫా మెట్లెక్కి ఆ తెరిచిన తలుపును ఒకసారి చూసుకుని వచ్చి, బిల్లు ప్రవేశపెట్టింది. ఆఫీసర్ మేడం చప్పట్లు కొట్టింది.

స్పీకర్ ఓటింగ్ అన్నాడు. దయాకర్ లేచాడు.

"ఇయ్యాలొక్కరోజు కూసోరా, దండం పెడ్తా" అంది అఫీఫా, వాడికి మాత్రమే వినబడేలా.

వాడు వినలేదు. పన్నెండు మందీ వెళ్లిపోయారు. టీచర్లలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. అచ్చం పెద్దల అసెంబ్లీ లాగానే ఉందని ఆఫీసర్ మేడం మెచ్చుకుని, టీ తాగి, కారెక్కింది. బిల్లు పోయింది.

అఫీఫా కాగితం ఉండ చుట్టి మెట్ల మీద కూలబడింది. పైన పర్వతాలు తలుపుల వెనకా, బకెట్ల కిందా ఏదో వెతుకుతున్న చప్పుడు. దయాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె మొహం తిప్పుకుంది.

వాడు జేబులోంచి కర్చీఫు మూట తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. బరువుగా తగిలింది. విప్పి చూస్తే తాళం.

"మూడుసార్లు ఉత్తగనే పోయినం, సార్లకు అలవాటు కావాలె గద. ఇయ్యాల ఎవ్వలన్న చూసిన్రా?"

అఫీఫా తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే దాన్ని సుత చర్చకు పెడ్తవ్."

ఆమెకు నవ్వొచ్చింది. అంతలోనే మళ్లీ మొహం వాడిపోయింది. "ఏం లాభంరా? సోమవారం కల్లా కొత్త తాళం తెస్తరు."

సమాధానం మేడ మీంచి వచ్చింది, ప్రేమమణి మేడం గొంతుతో. "కొత్త తాళం కొనుడంటే మాటలా, పర్వతాలూ? ముందుగాల కమిటీ వెయ్యాలె."