రేపల్లె బండి

"రిజల్ట్స్ చూసుకొస్తానని వెళ్లిన పిల్ల ఇంతవరకూ రాలేదండీ," అంది నాగేశ్వరమ్మ, గుమ్మంలోనే ఎదురొచ్చి.

రంగనాయకులు మాస్టారు అప్పుడే నందివెలుగు హైస్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పబోతున్నాడు. ఇంటర్ ఫస్టియర్ రిజల్ట్స్ పొద్దున్నే వచ్చాయి. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. అన్నం సంగతి మర్చిపోయి బోసు రోడ్డులో నెట్ సెంటర్‌కి పరిగెత్తాడు.

"మీ అమ్మాయి వచ్చిందండి. నంబరు కొట్టి చూసుకుంది. మొహం పాలిపోయింది. ప్రింటు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది," అన్నాడు నెట్ సెంటర్ ఆయన.

"మార్కులెన్ని?"

"నేను చూళ్లేదండి. ఇప్పుడు చూద్దామన్నా సైటు తెరుచుకోవట్లేదు."

హాల్ టికెట్ కూడా కూతురు సుధ దగ్గరే ఉంది. అయినా ఇంక చూడటానికేముంది? పాసైన పిల్ల ఇంటికి పరిగెత్తుకొస్తుంది, ఫెయిలైన పిల్ల కనపడకుండా పోతుంది. ఈ లెక్క మన ఊళ్లలో ఎవరికీ నేర్పక్కర్లేదు.

తను పొద్దున ఇడ్లీలు తింటూ అన్నమాట మాస్టారికి గుర్తొచ్చింది. "టౌన్ ఫస్ట్ వస్తే మీ కాలేజీ వాళ్లు విజయవాడ హాస్టల్లో స్పెషల్ బ్యాచ్‌లో వేస్తారంట. రూపాయి ఫీజు లేదు. తెల్లారుజామునే లేపి కూర్చోబెడతారు, పండక్కి కూడా ఇంటికి పంపరు. అట్టా చదివితేనే సీటొస్తుంది. రాకపోతే మాత్రం నాకు మొహం చూపించకు." చివరి మాట నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నా, అన్నాడుగా. ఇంటివైపు పరుగందుకున్నాడు.

పక్కింటి డ్రిల్ మాస్టారు జకరయ్య బైకు తీశాడు. కాలువ వంతెన మీదకొచ్చేసరికి, "ఒక్కసారి ఆపు," అన్నాడు రంగనాయకులు. దిగి నీళ్లలోకి చూశాడు. పిల్ల బతికుంటే చాలని తల్లిదండ్రులు మొక్కుకునే రోజు ఒకటి మనకి ఏడాదికోసారి వస్తుంది. పండగ కాకపోయినా అన్ని ఊళ్లలోనూ జరుగుతుంది.

జేబులో సెల్ మోగింది. కాలేజీ ప్రిన్సిపాల్ నంబరు. మాస్టారు కట్ చేశాడు.

"ఎత్తండి మాస్టారూ, ఏం చెప్తారో."

"ఏం చెప్తారు? పరువు తీసింది మీ పిల్ల అంటారు. ఇప్పుడు అది వినలేను జకరయ్యా."

బాపట్లలో పిన్ని ఇంటికి ఫోన్ చేశారు. అక్కడికి రాలేదంది. సెల్ మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు. తెనాలి స్టేషన్లో పళ్లమ్మే చౌడేశ్వరి మాత్రం, "సుధమ్మేగా? రేపల్లె బండెక్కింది బాబాయ్. నా దగ్గర జామకాయలు కూడా కొనుక్కుంది," అంది.

జామకాయలు కొనుక్కున్న పిల్ల అఘాయిత్యం చేసుకోదులే అని జకరయ్య ధైర్యం చెప్పాడు. మాస్టారికి అది చాల్లేదు. బైకు మీద వేమూరు దాటినా, ఊళ్లన్నీ దాటినా, రైలు పట్టాల వైపు చూడాలంటే భయం, చూడకపోతే భయం. దారంతా సెల్ మోగుతూనే ఉంది. ఆయన దాని గొంతు నొక్కుతూనే ఉన్నాడు.

రేపల్లె స్టేషన్లో చివరి బెంచీ మీద సుధ కూర్చుని ఉంది. ఒళ్లో సగం తిన్న జామకాయ.

మాస్టారు కూతురి పక్కన కూలబడి ఏడ్చేశాడు. హైస్కూల్లో బెత్తం పట్టుకుని తిరిగే మనిషి, ప్లాట్‌ఫాం మీద పదిమంది చూస్తున్నా కళ్లు తుడుచుకోలేదు.

"ఇక్కడెందుకు దిగావే?"

"రైలు ఇక్కడిదాకానే వస్తుందిగా నాన్నా."

"పోనీలే. దొరికావు, చాలు. మార్కుల మాటెత్తితే నామీదొట్టు. ఆ కాలేజీ మానెయ్యి. మన ఊళ్లో గవర్నమెంటు కాలేజీ లేదూ? ఇంటి నుంచి వెళ్లి చదువుకో. సాయంత్రం షటిల్ ఆడుకో."

సుధ తలెత్తింది. "హాస్టల్ ఉండదా?"

"ఉండదు."

"అమ్మ మీద ఒట్టా?"

"అమ్మ మీద ఒట్టు."

"జకరయ్య మాస్టారూ, మీరూ విన్నారుగా?"

"విన్నానమ్మా. నేనే సాక్షి."

సుధ గట్టిగా ఊపిరి వదిలి, సంచిలో మిగిలిన జామకాయ తీసి తండ్రి చేతిలో పెట్టింది. పొద్దుటి ఇడ్లీల తర్వాత ఏమీ తినలేదన్న సంగతి మాస్టారికి అప్పుడు తెలిసింది. ఒక ముక్క కొరికాడు. లోపలి బరువంతా దిగిపోయి, జన్మలో అంత తీపి జామకాయ తినలేదనిపించింది.

సెల్ మళ్లీ మోగింది. ఇప్పుడు భయమేముంది? పిల్ల పక్కనే ఉంది. దర్జాగా ఎత్తాడు.

"ఏంటి మాస్టారూ, పొద్దుటి నుంచీ చేస్తుంటే కట్ చేస్తున్నారు?" ప్రిన్సిపాల్ గొంతు పక్కవాళ్లక్కూడా వినపడుతోంది. "మీ సాయి సుధ టౌన్ ఫస్టండీ. ఫొటో అర్జంటుగా పంపండి, రేపు పేపర్లో వేయిస్తున్నాం. ఎల్లుండి పెట్టే బేడా సర్దండి. విజయవాడ స్పెషల్ బ్యాచ్‌లో మొదటి పేరు మీ పిల్లదే."

మాస్టారు నోట్లో జామకాయ ముక్క అలాగే ఉండిపోయింది. మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"అందుకే నాన్నా పారిపోయింది," అంది సుధ.

"హలో, మాస్టారూ, వింటున్నారా? సాయి సుధ ఫాదరేగా?"

రంగనాయకులు ముక్క నమిలి మింగాడు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"రాంగ్ నంబరండి," అన్నాడు, "మా అమ్మాయి ఫెయిలయింది."