హక్కు లేనివాడు

"గ్యాస్ పేరుకుంది. ఇవాళ ఎవరూ దిగొద్దు" అంటూ బొగ్గుగని ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు క్లైడ్.

పనిలో చేరి రెండు నెలలే అయింది. ఎక్కడివాడో ఎవరికీ తెలీదు.

"భయమైతే ఇంట్లో కూచుని ఊలు అల్లుకోరా!" అని డెల్బర్ట్ అతన్ని పక్కకి నెట్టాడు. అందరూ నవ్వుకుంటూ దిగిపోయారు.

మేస్త్రీ అక్కడికక్కడే క్లైడ్‌ని పనిలోంచి తీసేశాడు. అతను అద్దెకుంటున్న ఓర్లా ఇంటికీ వెళ్ళాడు.

"వాణ్ణి పంపెయ్ ఓర్లా. ఈ ఇల్లు కంపెనీదని మర్చిపోకు."

ఎలా మర్చిపోతుంది? ఆ వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇళ్ళు, కొట్టు, చర్చి, ఆఖరికి ఆమె మొగుణ్ణి పాతిన నేల కూడా గని యజమాని థాక్‌స్టన్ దొర కుటుంబానివే.

క్లైడ్ సంచీ గుమ్మం బయట పెట్టింది.

"పదకొండింటికి రైలుంది, వెళ్ళిపో నాయనా. నన్ను వీధిన పడెయ్యకు."

"మీ తప్పేం లేదమ్మా" అన్నాడు క్లైడ్.

ఆ మాటకి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. తలుపు ధడాలున వేసింది.

పదిన్నరకి భూమి అదిరింది.

ఓర్లా గని దగ్గరికి పరిగెత్తేసరికి, పొగలోంచి క్లైడ్ వస్తున్నాడు. భుజం మీద డెల్బర్ట్.

అలా నలుగుర్ని మోసుకొచ్చాడు.

"చాల్లే, పైకప్పు కూలుతోంది!" అని అరిచాడు మేస్త్రీ.

"ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు" అని క్లైడ్ మళ్ళీ వెళ్ళాడు. ఇక రాలేదు.

మూడో రోజుకి శవాలు బయటికొచ్చాయి. చర్చిలో వరసగా పడుకోబెట్టి దుప్పట్లు కప్పారు. పట్నం నుంచి దొర, ఆయన పెద్దకొడుకు కార్లో దిగారు. ఇదంతా దైవనిర్ణయమన్నాడు దొర. చనిపోయినవాళ్ళ పేర్లు చదివాడు.

తొమ్మిది పేర్లు.

"క్లైడ్ పేరేది?" ఓర్లా లేచింది.

దొర మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

"అతన్ని ముందే తీసేశాంగా. గనిలో అడుగుపెట్టే హక్కే లేదు. కంపెనీ శ్మశానంలో చోటివ్వడం కుదరదు" అన్నాడు దొర.

"నలుగురి ప్రాణాలు మోసుకొచ్చినవాడికి ఆరడుగుల నేల ఇవ్వరా? ఇంతమందిని మింగి ఇంకా హక్కుల గురించి మాట్లాడతారా?"

"ఈవిణ్ణి బయటికి పంపండి."

డెల్బర్ట్ కాలిన చేతులతో లేచి ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కని ముట్టుకోండి చూద్దాం."

ఓర్లా వెళ్ళి చివరి దుప్పటి తొలగించింది.

"ఆ మాటేదో వీడి మొహం చూసి చెప్పండి!"

దొర చూశాడు.

పక్కనున్న పెద్దకొడుకు మెల్లగా టోపీ తీసి, "తమ్ముడు నాన్నా... మన చిన్నోడు" అన్నాడు.