చేటెడు తవుడు

"నాకా డబ్బా వద్దు సిస్టర్! ఇంకా పెళ్ళే కాలేదు నాకు." లక్ష్మీకాంత్ గట్టిగానే అన్నాడు.

"అందుకేనండీ ఇచ్చేది," అంది నర్సు మహిమ. "రేపట్నుంచి మీకు కేన్సరు మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. ఇవాళ మీరు వీర్యమిస్తే చల్లబెట్టి దాచి ఉంచుతాం. ఇవాళ తప్పితే మళ్ళీ వీలుకాదు."

గుంటూరు ఆస్పత్రి వరండాలో అంత దూరాన, గోడకేసి చూస్తూ నిలబడింది తల్లి సుబ్బరావమ్మ. కొడుకుతో మాట్లాడే సంగతా అది! అయినా ఉండబట్టలేక అక్కణ్ణుంచే అరిచింది.

"ఒరేయ్, మిరపకాయల్ని విత్తనానికి దాచుకోమా? సిగ్గుపడితే వంశం నిలబడదు, పో!"

అనేసి, టీ తెస్తానంటూ మెట్లు దిగిపోయింది. వరండా అంతా విన్నది. లక్ష్మీకాంత్ తల వంచుకుని, డబ్బా పుచ్చుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.

పని కానిచ్చి, మూత బిగించి, కవర్లో పెట్టుకుని బయటికొచ్చేసరికి బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. మిరపకాయల ముచ్చికలు తీసీ తీసీ చేతులు ఎర్రబడ్డాయి. ఆ ఘాటుకి అతనికి దగ్గొచ్చింది.

"సుబ్బరావమ్మ కొడుకువి కదూ? నేను కొండమ్మని. చేటెడు తవుడిచ్చి నిన్ను కొనుక్కుంది నేనేరా అయ్యా."

లక్ష్మీకాంత్ నవ్వాడు. ఆ కథ అమ్మ చెప్పిందే. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, వీడైనా దక్కాలని పొరుగింటావిడకి తవుడుకి అమ్మారట. అప్పుడు చావు, ఎవరి బిడ్డో పోల్చుకోలేక వెనక్కి పోతుందట.

"కొన్నానన్న మాటేగానీ, ఒక్కసారి ఎత్తుకోనియ్యలేదు మీ అమ్మ." ఆవిడ కవరు మీద చెయ్యేసింది. వేళ్ళు తగిలితే జివ్వుమంది. "నువ్వు మీ అమ్మకే ఉండు నాయనా, నీకేం కాదు. నీకు పుట్టబోయేవాణ్ణి మాత్రం నేను పెంచుకుంటా."

అతను కవరు లాక్కుని, ల్యాబు గదిలో మహిమకిచ్చి వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది.

టీ గ్లాసులతో తల్లి మెట్లెక్కి వచ్చింది.

"అమ్మా, నన్ను కొన్న కొండమ్మగారు ఇప్పుడే వచ్చారే."

సుబ్బరావమ్మ చేతిలో గ్లాసులు జారిపోయాయి.

"ఏం మాటల్రా అవి? అది నీ బారసాలకి ముందే, పత్తి చేలో పాము కరిచి పోయింది. ఆ పొద్దున కూడా మన గుమ్మంలో నిలబడి ఏడ్చింది, ఒక్కసారి ఎత్తుకుంటానని. నేనే మొహాన తలుపేశాను. పాపిష్టిదాన్ని!"

ల్యాబు తలుపు తెరుచుకుంది. మహిమ డబ్బా పట్టుకుని వచ్చింది.

"మూత మీరు బిగించినట్టే ఉందండీ. ఇప్పుడే తీశాను. ఇదేంటి, నిండా తవుడుంది?"