అంకెలకు పేర్లు

"ఏందమ్మా నువ్వు చేస్తుంది? రోగుల పేర్లు టైపు చెయ్యమంటే ప్రోగ్రామే మారుస్తున్నావా?"

పున్నారావు కేకకు షకీలా ఉలిక్కిపడింది. చేతులు మాత్రం కీబోర్డు మీద నుంచి తియ్యలేదు.

నరసరావుపేటలో డాక్టర్ ప్రభావతి ఆసుపత్రికి కంప్యూటరు వచ్చింది 1987లో. అప్పటికి ఏడాదైంది. కింద కౌంటర్లో ఒక తెర, పై అంతస్తులో ఒక తెర. రక్తం సీసాల జాబితా రెండింటికీ ఒకటే. వాటిని చూసుకునేది పున్నారావు.

షకీలా వారం కిందటే టైపిస్టుగా చేరింది. ఏ ఊరని కూడా ఎవరూ అడగలేదు.

"ప్రోగ్రాం నిండా ఒకటి, రెండు, మూడు అని అంకెలే సార్. ఏది దేనికో చూడగానే తెలియాలని పేర్లు పెడుతున్నా."

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. రెండు ఉన్నచోట 'చదవడానికే'. మూడు ఉన్నచోట 'తాళం వెయ్యి'.

"తాళమేంది?"

"కిందవాళ్లు సీసా రాసుకుంటున్నప్పుడు పైవాళ్లకు జాబితా తెరుచుకోకూడదు. లేకపోతే ఒకే సీసా ఇద్దరికి రాసేస్తారు."

"ఏడాదిగా బాగానే నడుస్తుందిగా! నడిచేదాన్ని కెలకడం ఎందుకు?"

"ఒక్క పేజీ మిగిలింది సార్. పది నిమిషాలు..."

"చేసింది చాల్లే. లెగు!"

ఆమె గడియారం చూసింది. తెర చూసింది.

"ఆ పేజీ ఎవరికైనా చూపించండి సార్" అని, సంచి తీసుకుని మాచర్ల బస్సు కోసం గబగబా వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత ఓ మధ్యాహ్నం ఫ్రిజ్ దగ్గర ఇద్దరు నర్సులు ఎదురుపడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ చీటీలు. సీసా ఒక్కటే.

"ఉందని మీ కంప్యూటరే చెప్పిందిగా! అందుకే రక్తం కోసం ఎవర్నీ అడగలా!" అంది పై అంతస్తు నర్సు.

పైన రొంపిచెర్ల నుంచి వచ్చిన బాలింత. రక్తం ఆగడం లేదు.

వాచ్‌మన్ యల్లమందది అదే గ్రూపు. అతను రక్తమిచ్చాడు కాబట్టి ఆమె బతికింది.

పున్నారావు ప్రోగ్రాం తెరిచాడు. అతనికి ప్రోగ్రాములు రాయడం రాదు. అయినా షకీలా పెట్టిన పేర్లు చదువుతుంటే అర్థమైపోతోంది. తాళం వెయ్యి. రాసుకో. తాళం తియ్యి.

ఆమె మార్చకుండా మిగిలిన చివరి పేజీలో మాత్రం, తాళం వెయ్యాల్సిన చోట ఉత్త రెండు అంకె. అంటే 'చదవడానికే'.

దాన్ని చెరిపి 'తాళం వెయ్యి' అని కొట్టాడు.

వెంటనే ప్రోగ్రాం అమ్మిన హైదరాబాదు కంపెనీకి ట్రంకాల్ చేశాడు.

"షకీలా అని ఒకమ్మాయి మాకు టైపిస్టుగా వచ్చింది సార్. ప్రోగ్రాములు చానా బాగా తెలుసు. మీకేమైనా ఆ అమ్మాయి అడ్రసు తెలుస్తుందేమోనని..."



"మీ ఊరికీ వచ్చిందా? వేరే ఊళ్లో ప్రోగ్రాంలో మూడు ఉండాల్సిన చోట రెండు పడి, రక్తం అందక ఓ బాలింత చనిపోయిందయ్యా. ఆ మర్నాడే ఇక్కడ ఉద్యోగం మానేసింది. ఇంకెక్కడ పొరబడిందోనని ఊరూరూ తిరుగుతోందట. ఆ ఊరిదీ, మీదీ, మొత్తం పదకొండు ఆసుపత్రుల ప్రోగ్రాములూ రాసింది షకీలాయే."