దడికి పడ్డ కంత

దడికి మళ్ళీ కంత పడింది.

మునిరత్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, దబ్బనానికి తాటినార ఎక్కించి, తెల్లవారుతుండగానే దాన్ని కుట్టేసింది. ఈ వారంలో ఇది నాలుగోసారి. బడి గంట కొట్టేలోపల కంత మూసుకోవాలి. మూసిన సంగతి ఎవరికీ తెలియకూడదు. సుబ్బులమ్మకు అసలే తెలియకూడదు.

పుత్తూరు ఆడపిల్లల బడిలో మునిరత్నమ్మ డ్రిల్లు టీచరు. రెండేళ్ళపాటు ఆమె పిల్లలు హాల్లోనే వల కట్టుకుని రింగు ఆట ఆడారు. అక్కడ దూలం ఎత్తు తక్కువ. రింగు కాస్త లేచిందంటే దూలానికి తగిలి పడేది. అందుకని చేతులు లేవడం మానేశాయి, మెడలు వంగడం నేర్చుకున్నాయి. నిరుడు చిత్తూరు పోటీల్లో, ఆరుబయట ఆకాశం కింద నిలబడి కూడా, లేని దూలానికి తలవంచి ఆడి ఓడిపోయారు.

ఇక బయటే ఆడిస్తానని ఆమె అడిగినప్పుడు, ఊరి పెద్దల తరఫున మాట్లాడింది సుబ్బులమ్మ. నూనె వ్యాపారుల ఇంటి పెద్దావిడ. ఆమె మనవరాలు కుప్పమ్మే జట్టులో మేటి. ఆ ఇంటి పెరటి తలుపు బడి పక్క సందులోకే తెరుచుకుంటుంది. తమలపాకుకు సున్నం రాస్తూ నిదానంగా తీర్పు చెప్పింది.

"నాకు ఎనిమిదో ఏట పెండ్లయింది. ఆటంటే ఏందో నాకు తెలీదు. నేను బతకలేదా? సరే, ఆడించుకో. మనిషెత్తు దడి కట్టించు. దాంట్లో ఒక్క కంత కనపడిందా, పిల్లకాయలు మళ్ళీ హాల్లోకే."

దడి లేచింది. దాని చాటున చేతులూ లేచాయి. మూడు నెలల్లో మెడలు నిక్కాయి. కుప్పమ్మ విసిరిన రింగు వేపకొమ్మ దాకా ఎగసి, ఎండలో తిరిగి, సరిగ్గా గీతకు లోపలే వాలేది.

అప్పుడు మొదలైంది ఈ కంత. సందు వైపున, కూర్చున్న మనిషి కంటికి సరిపోయే ఎత్తులో. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వచ్చే జనం ఆ సందులోనే వంతు కోసం కూర్చుంటారు. పొద్దుపోనివాళ్ళ పని అనుకుంది మునిరత్నమ్మ. అడిగితే, చెయ్యి విరిగినోడు దడి ఎట్ట చించుతాడమ్మా అని నవ్వారు.

ఆమెకు కోపం నిలవలేదు. కిందటి వారం రింగు దడి దాటి పడిపోయింది. యుద్ధం రోజులు, మదరాసంతా గాలించినా రబ్బరు రింగు దొరకదు, ఉన్నది అదొక్కటే. మర్నాడు వచ్చి చూస్తే, కంత వెడల్పై, రింగు లోపలికి తోసి ఉంది. మట్టి తుడిచి ఉంది. ఒక పక్క తెల్లగా సున్నపు మరక. మునిరత్నమ్మ దడికి చేతులు జోడించింది. ఆ కళ్ళు ఎవరివైనా చల్లగా ఉండాలనుకుంది. అయినా కంత కుట్టక తప్పలేదు.

ఈ రోజు కుట్టిన నార పచ్చి ఆరకముందే, ఆటల గంటకు కాస్త ముందుగా, సుబ్బులమ్మ బడికి వచ్చింది. వచ్చి సరిగ్గా ఆ కుట్టు ముందే ఆగింది. కుడిచేతి రెండు వేళ్ళకు పసుపుగుడ్డ చుట్టి ఉంది. కత్తిపీటకు తెగాయేమో అనుకుంది మునిరత్నమ్మ. అంతకు మించి ఆలోచించే ధైర్యం ఆమెకు లేదు.

"ఎల్లుండి కుప్పమ్మను చిత్తూరికి పంపమంటివంట."

"పంపండవ్వా. ఆ పిల్ల లేకుంటే జట్టే లేదు."

"ఆడ దడి ఉంటాదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "ఉండదవ్వా. ఆడ అందరూ చూస్తారు."

సుబ్బులమ్మ దడి వైపు చూసింది. తలెత్తి వేపకొమ్మ వైపు చూసింది.

"చూడనీలే," అంది చివరికి. "బస్సు కాడికి నేనే తోడొస్తా."

మునిరత్నమ్మ వంగి ఆమె పాదాలు తాకింది. సుబ్బులమ్మ ఆమెను లేవదీసి, చుట్టూ ఒకసారి చూసి, చెవి దగ్గరికి వంగింది.

"ఇంక ఆ కంత కుట్టబాక టీచరమ్మా, దినామూ విప్పలేక వేళ్ళు తెగతా ఉండాయి."